పట్టణ ఉమ్మడి వనరుల నిర్వహణలో పౌర భాగస్వామ్యం - బొలోనా నగర అనుభవం

నగరంలోని ఉద్యానవనాలు, కూడళ్లు, కాలిబాటలు, చెరువు గట్లు పౌరులందరూ కలిసి అనుభవించే ఉమ్మడి వనరులు. వీటి సంరక్షణ భారమంతా పురపాలక సంస్థలపైనే ఉండడం, పౌరుల పాత్ర ఫిర్యాదులకే పరిమితం కావడం అనేక నగరాలలో కనిపించే పరిస్థితి. దీనిని మార్చే ఉద్దేశంతో ఇటలీలోని బొలోనా నగరపాలక మండలి 2014 మే నెలలో ఒక ప్రత్యేక నియమావళిని ఆమోదించింది. ఉమ్మడి వనరుల సంరక్షణ, పునరుద్ధరణలలో పౌరులు, పాలనా యంత్రాంగం కలిసి పనిచేయడానికి అది చట్టబద్ధమైన మార్గం చూపింది. అనంతరం ఇటలీలో రెండు వందలకు పైగా పురపాలక సంస్థలు ఇదే తరహా నియమావళులను స్వీకరించాయి.

నేపథ్యం

బొలోనా జనాభా సుమారు 4 లక్షలు. 2011లో ఆ నగరంలో కొందరు మహిళలు తమ పరిసరాలలోని ఉద్యానవనానికి కూర్చునే బల్లలను విరాళంగా ఇవ్వదలచారు. వారు ఒక కార్యాలయం నుండి మరొక కార్యాలయానికి తిరగవలసి వచ్చింది. చివరకు అటువంటి విరాళం స్వీకరించే అవకాశమే లేదన్న సమాధానం లభించింది. అడ్డుపడినది నిధుల కొరత కాదు, పౌరుల తోడ్పాటును స్వీకరించే విధానం లేకపోవడమే. 2001లో సవరించిన ఇటలీ రాజ్యాంగంలోని 118వ అధికరణం ప్రజాహిత కార్యకలాపాలలో పౌరుల స్వతంత్ర చొరవను ప్రభుత్వ సంస్థలు ప్రోత్సహించాలని నిర్దేశించింది. అయితే స్థానిక స్థాయిలో దానిని ఆచరణలోకి తెచ్చే నిబంధనలు కొరవడినాయి. ఈ లోటును 2014 నియమావళి పూరించింది.

ఉమ్మడి వనరు అంటే ఏమిటి?

ఆస్తి ఎవరి పేరున ఉన్నదన్నది ఈ నియమావళికి ప్రధానం కాదు. వ్యక్తుల, సమాజ శ్రేయస్సుకు ఉపకరిస్తుందని పౌరులు, పాలనా యంత్రాంగం గుర్తించినది ఉమ్మడి వనరు అవుతుంది. ఇందుకు బొలోనా వీధుల వెంబడి ఉన్న స్తంభాల వసారాలే నిదర్శనం. కొత్త ఇళ్లకు వసారా ఉండి తీరాలని 1288లోనే నగర శాసనం విధించింది. వీటిలో అధిక భాగం ప్రైవేటు ఆస్తి అయినప్పటికీ, ప్రజలందరికీ వాటి గుండా నడిచే హక్కు ఉన్నది. 2021లో యునెస్కో ఈ వసారాలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సహకార ఒప్పందం

ఈ విధానానికి సహకార ఒప్పందమే మూలాధారం. ఒక వ్యక్తి గాని, సంఘం గాని, నమోదు కాని ఇరుగుపొరుగు బృందం గాని ప్రతిపాదన సమర్పించవచ్చు. చేపట్టే పని, దాని కాలపరిమితి, ఎవరి బాధ్యత ఎంత, ప్రజలకు ఆ స్థలం ఎలా అందుబాటులో ఉంటుంది, నష్టం జరిగితే ఎవరు బాధ్యులు, పనితీరును ఎలా సమీక్షించాలి అన్న అంశాలను ఒప్పందంలో రాతపూర్వకంగా పొందుపరుస్తారు. పని చిన్నదైతే ఒప్పందం కూడా సరళంగానే ఉంటుంది.

పౌరుల సేవలకు నగరపాలక సంస్థ వేతనం చెల్లించదు. అయితే పనిముట్లు, సామగ్రి, రక్షణ పరికరాలు, శిక్షణ సమకూర్చవచ్చు. ఒప్పందాలను బహిరంగపరచడం వలన పారదర్శకతకు వీలు కలుగుతుంది. బొలోనా నగరం ఆ తరువాత ఈ నియమావళి స్థానంలో మరింత విస్తృతమైన సాధారణ నియమావళిని రూపొందించుకుని 2023 నుండి అమలు చేస్తున్నది.

జాగ్రత్తలు అవసరం

పౌరులు ముందుకు వచ్చారన్న కారణంతో నగరపాలక సంస్థ తన విధుల నుండి తప్పుకుంటే ఈ విధానం లక్ష్యమే దెబ్బతింటుంది. పారిశుద్ధ్య సిబ్బంది చేయవలసిన పనిని వేతనం లేని సేవకు మార్చడం భాగస్వామ్యం అనిపించుకోదు. అదే విధంగా, సంరక్షణ బాధ్యత తీసుకున్న బృందం ఆ స్థలాన్ని తన సొంతమన్నట్లు వ్యవహరించి ఇతరులను దూరం పెట్టరాదు. తీరిక, విద్య, పరిచయాలు గల వారి కాలనీల నుండే ప్రతిపాదనలు అధికంగా వచ్చే ప్రమాదం ఉన్నందున, పేదల బస్తీలకు అధికారులే స్వయంగా వెళ్లి సహాయపడవలసి ఉంటుంది.

మన దేశంలో పరిస్థితి

1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేరిన 243-ఎస్ అధికరణం 3 లక్షలు, అంతకు మించిన జనాభా గల పురపాలక సంస్థలలో వార్డు కమిటీలను ఏర్పాటు చేయాలని నిర్దేశించింది. తెలంగాణ పురపాలక చట్టం - 2019 ప్రతి వార్డులో యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలకు వీలు కల్పించింది. కమిటీలు పౌరుల అభిప్రాయానికి వేదికలు. బొలోనా ఒప్పందం అంతకు భిన్నమైనది. అది ఒక నిర్దిష్ట స్థలానికి, నిర్దిష్ట కాలానికి ఇరుపక్షాల విధులను నిర్ణయిస్తుంది. ఉద్యానవనం గేటు తాళం ఎవరి వద్ద ఉండాలి, మొక్కలకు నీరు ఎవరు సమకూర్చాలి వంటి అంశాలపై ముందుగానే లిఖితపూర్వక అంగీకారం ఉన్నప్పుడు, అధికారులు బదిలీ అయినా, బృంద సభ్యులు మారినా ఆ స్థలం సంరక్షణకు భంగం కలుగదు.