అమ్మ బాయి మొగదలే ఉంటుంది

గోలేటి ఇంక్లైన్ బొగ్గుబాయిలో మైనింగ్ సిర్దారుగా చేసి రిటైరైనవాణ్ణి. బాయి దిగే ముందు మాకు రెండు పనులుండేవి: జేబులు తనిఖీ చేయించుకోవడం, మైసమ్మకు మొక్కడం. బీడీకట్ట, అగ్గిపెట్టె పైనే వదిలెయ్యాలి. బొగ్గులోంచి మీథేన్ వస్తుంది. గాలిలో అది 5 నుంచి 15 శాతం ఉంటే చిన్న నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. అందుకే అగరుబత్తి, హారతి అన్నీ బాయి మొగదలే. మైసమ్మ గద్దె మీది కుంకుమ బొటనవేలితో నుదుట అద్దుకుని, వేలికి మిగిలింది టోపీకి రాసుకుని దిగేవాళ్లం. షిఫ్టు అయ్యేసరికి నుదుటి బొట్టు చెమటకు కరిగిపోయేది. టోపీ మీది మరక మాత్రం అలాగే ఉండేది.

గనిలో దిగేముందు మొక్కేది మేమొక్కళ్లమే కాదు. బొలీవియాలో పొటోసి ఊరి పక్కన సెర్రో రికో అనే కొండ ఉంది. 1545 నుంచి అక్కడ వెండి తవ్వుతున్నారు, తర్వాత తగరం కూడా. అక్కడి కార్మికులు కాథలిక్కులు, పైన చర్చికి పోతారు. లోపల మాత్రం కొమ్ములున్న మట్టి విగ్రహానికి మొక్కుతారు. పేరు ఎల్ టియో. స్పానిష్‌లో బాబాయి, మామ అనే వరస. కోకా ఆకులు పెడతారు, సారా పోస్తారు, నోట్లో సిగరెట్ వెలిగించి పెడతారు. ఆ నిప్పు మా బాయిలో వెలిగితే ఒక్కరం మిగలం. వాళ్లది రాతి గని కాబట్టి దేవుడికి లోపలే పొగ పెట్టగలుగుతున్నారు. ఈ మొక్కులకు వాళ్లు ఎంచుకున్న రోజులు మంగళవారం, శుక్రవారం. మన అమ్మవార్ల రోజులూ అవే! ఇది తెలిసిన నాడు నాకు నిద్ర పట్టలేదు.

పోలండ్ బొగ్గుగనుల్లో షిఫ్టుకు ముందు జనం చేరే హాల్లోనే గని కార్మికులు కొలిచే సెయింట్ బార్బరా పీఠం ఉంటుంది, మన హాజరు మస్టరు దగ్గర అమ్మవారి పటం ఉన్నట్టే. ఏటా డిసెంబరు 4న ఆమె పండుగ.

మతం గ్రంథాల్లోంచే వస్తుందనే మాట నేను ఒప్పుకోను. చేసే పని, తొక్కే నేల కూడా దాన్ని మలుస్తాయి. మా చుట్టుపక్కల గోండులనే చూడండి. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగదేవత నాగోబాను కొలిచే మెస్రం వంశీయులు గోదావరి నీళ్ల కోసం చెప్పులు లేకుండా అడవిదారిన నడిచిపోతారు. బస్సుందిగా అంటే వినరు. ఆ నడకే వాళ్ల పూజ. మా గనుల్లోనూ పని మారితే పూజ మారింది: ఇప్పుడు ఓపెన్‌కాస్టు గనులొచ్చాయి, దసరాకు డంపర్లకు బొట్లు పెడుతున్నారు.

నా గ్యాంగులో ఒక క్రైస్తవ తమ్ముడు ఉండేవాడు. మేం కుంకుమ అద్దుకుంటుంటే పక్కకు జరిగి, టోపీ తీసి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. అతని ప్రార్థన అయ్యేదాకా మేమూ కదిలేవాళ్లం కాదు. "నువ్వెందుకు మొక్కవు రా" అని ఒక్కరూ అడగలేదు. పన్నెండేళ్లు కలిసి దిగాం, కలిసే పైకొచ్చాం.