రైఫిల్ స్కోప్ కొంటున్నారా? జూమ్ నంబర్ చూసి పడిపోకండి!

ఫోన్ బాక్స్ మీద 100ఎక్స్ జూమ్ అని రాసుంటే మనం పెద్దగా నమ్మం. అదే రైఫిల్ స్కోప్ దగ్గరికొచ్చేసరికి 6-24ఎక్స్ అనగానే టెంప్ట్ అయిపోతాం. నేనుండే టెక్సాస్‌లో రూల్స్ పాటిస్తే జింక, అడవిపంది వేట లీగలే. ఇండియాలో మాత్రం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కాబట్టి ఈ గైడ్ ఇక్కడున్న మనవాళ్లకి, ఆప్టిక్స్ అంటే ఇష్టపడేవాళ్లకి.

నేను వెళ్లే చోట షాట్లన్నీ 50 నుంచి 200 గజాల లోపే. ఈ దూరానికి ఏం చూడాలో చెప్తా.

3-9×40 అంటే ఏంటి?
3 నుంచి 9 రెట్ల జూమ్, ముందు లెన్స్ 40 ఎంఎం అని. లెన్స్ సైజుని జూమ్‌తో భాగిస్తే కంటికి చేరే వెలుగు వృత్తం సైజు వస్తుంది. 9ఎక్స్‌లో 4.4 ఎంఎం, 5ఎక్స్‌లో 8 ఎంఎం. చీకట్లో కుర్రాళ్ల కంటిపాప సుమారు 7 ఎంఎం వరకు తెరుచుకుంటుంది. టెక్సాస్‌లో సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా జింకని వేటాడొచ్చు. సరిగ్గా ఆ అరగంటలోనే జింకలు బయటికొస్తాయి. అప్పుడు జూమ్ పెంచితే బొమ్మ పెద్దదవుతుంది కానీ చీకటైపోతుంది. తగ్గించడమే కరెక్ట్.

1-6×24 సంగతి?
దట్టమైన పొదల్లో, దగ్గర్లో పరిగెత్తే పందికి 1ఎక్స్ సూపర్. రెండు కళ్లూ తెరిచి చూడొచ్చు. కానీ 6ఎక్స్‌లో వెలుగు వృత్తం 4 ఎంఎం మాత్రమే. సాయంత్రం జింక కోసం కూర్చునేవాళ్లకి ఇది సెకండ్ ఛాయిస్.

ఐ రిలీఫ్
కంటికీ స్కోప్‌కీ మధ్య కనీసం 3.5 అంగుళాల గ్యాప్ ఉండేది తీసుకోండి. లేదంటే పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్ని, స్కోప్ అంచు కనుబొమ్మని చీరేస్తుంది.

క్లిక్స్
చాలా స్కోప్‌లలో ఒక క్లిక్ అంటే పావు ఎంఓఏ. 100 గజాల దగ్గర 4 క్లిక్స్‌కి దాదాపు ఒక అంగుళం జరుగుతుంది, 50 గజాల దగ్గరైతే 8 క్లిక్స్ కావాలి. వేటకెళ్లే ముందు రేంజ్‌లో జీరో చేయడం మస్ట్.

వేటికి డబ్బు దండగ?
200 గజాల లోపు మామూలు ప్లస్ గుర్తు రెటికిల్ చాలు. గీతలతో నిండిన రెటికిల్, పక్కన పారలాక్స్ నాబ్ అక్కర్లేదు. మిగిలిన డబ్బు గట్టి రింగ్స్‌కి, ప్రాక్టీస్ బుల్లెట్లకి, ఒక బైనాక్యులర్‌కి పెట్టండి. పొద వెనక కదిలింది జింకో మనిషో చూడ్డానికి స్కోప్ వాడారంటే, మీరు మనిషి మీద తుపాకి గురిపెట్టినట్టే. దానికి బైనాక్యులరే వాడాలి.

నా ఓటు
3-9×40కే. ల్యూపోల్డ్, వోర్టెక్స్ రెండింట్లోనూ ఈ సైజు దొరుకుతుంది, రెండూ లైఫ్‌టైమ్ వారంటీ ఇస్తాయి. షాపు లైట్ల కింద అన్ని స్కోప్‌లూ బాగానే కనిపిస్తాయి. వీలైతే సాయంత్రం వెళ్లి, ఖాళీ స్కోప్‌ని బయటికి తెచ్చి చూపించమని అడగండి.

ఇంకో మాట. దెబ్బ తప్పుగా తగిలిన జంతువు వెంటనే చావదు. పొదల్లోకి పారిపోయి గంటల తరబడి నరకం చూస్తుంది. అందుకే స్కోప్‌లో క్లియర్‌గా కనిపించకపోతే ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేయండి. జింక రేపూ వస్తుంది.