చల్లని గాలి గొట్టములకు చెమట ఏల పట్టును?

కొల్లేటి చుట్టుపట్ల గ్రామములలో వానకాలమున మంచునీరు పోసిన చెంబును బల్లపై నుంచినచో, కొద్ది నిమిషములలోనే దాని వెలుపల నీటి బిందువులు నిలుచును. చెంబు కారలేదు. ఆ నీరు చుట్టునున్న గాలిలోనిదే. ఏలూరులోగాని, తాడేపల్లిగూడెములోగాని ఎయిర్ కండిషనింగు గల ఆసుపత్రిలోనో, సినిమాహాలులోనో లోకప్పు నుండి చుక్కలు రాలినచో, మేడ కారుచున్నదని నిశ్చయించుటకు ముందు ఈ చెంబును గుర్తు చేసికొనవలెను. లోకప్పు పైన చల్లని గాలిని కొనిపోవు రేకు గొట్టములుండును. వీనినే డక్టులందురు. వీనికి పట్టిన చెమటయే తరచుగా అట్లు రాలుచుండును.

ఒక ఘనపు మీటరు స్థలములో 32 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద సుమారు 34 గ్రాముల నీటి ఆవిరి ఇముడును. 13 డిగ్రీల వద్ద సుమారు 11 గ్రాములే ఇముడును. ఆవిరి గల గాలిని క్రమముగా చల్లబరచినచో, ఒకానొక ఉష్ణోగ్రత వద్ద ఆవిరి నీరుగా మారసాగును. ఇదియే తుషార స్థానము. మంచు ఆకాశము నుండి కురియదనియు, చల్లబడిన వస్తువులపైననే ఏర్పడుననియు లండను వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ 1814లో ప్రకటించిన గ్రంథములో ప్రయోగపూర్వకముగా వివరించెను.

కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్నది. ఉప్పుటేరు దానిని బంగాళాఖాతముతో కలుపుచున్నది. చుట్టును కాలువలు, వరిచేలు, చేపల చెరువులు. ఇట్టి చోట గాలి 32 డిగ్రీల వద్ద, సాపేక్ష ఆర్ద్రత 75 శాతముగా ఉన్నదనుకొందము. అప్పుడు తుషార స్థానము సుమారు 27 డిగ్రీలు. డక్టులోని గాలి 13 డిగ్రీలైనచో రేకు 27 కంటె ఎంతో చల్లగా నుండును. కనుక చెమట తప్పదు. పొడి ప్రాంతమున 40 డిగ్రీల ఎండలో ఆర్ద్రత 25 శాతమైనచో తుషార స్థానము సుమారు 16 డిగ్రీలే. అచ్చట ఎండ ఎక్కువ, చెమట తక్కువ.

నివారణోపాయము తేలికయే. గొట్టముపై గాజు ఉన్ని, రబ్బరు నురుగు వంటి ఉష్ణబంధకమును తొడిగి, ఆ తొడుగు వెలుపలి తలమును తుషార స్థానము కంటె వెచ్చగా నుంచవలెను. మందమెంత? వెలుపలి తలము 27 డిగ్రీలున్నచో గది గాలికి, దానికి భేదము 5 డిగ్రీలు. చదరపు మీటరుకు డిగ్రీకి 8 వాట్ల చొప్పున 40 వాట్ల ఉష్ణము లోనికి పోవును. తొడుగులో భేదము 14 డిగ్రీలు. దాని ఉష్ణవాహకత 0.035 అయినచో, 0.035ను 14చే గుణించి 40చే భాగింపగా మందము సుమారు 12 మిల్లీమీటర్లగును. ఇది చెమట అంచున నిలుచు కొలత. ఆచరణలో కొంత ఎక్కువ వేయవలెను.

ముసురు దినమున గాలి 30 డిగ్రీలు, ఆర్ద్రత 90 శాతమనుకొందము. తుషార స్థానము 28.2 డిగ్రీలగును. అదే లెక్క చేసినచో మందము సుమారు 37 మిల్లీమీటర్లు! వేడి రెండు డిగ్రీలు తగ్గినను తొడుగు మూడింతలు కావలసివచ్చినది. కావున ఈ సీమలో తొడుగును నిర్ణయింపవలసినది మే నెల ఎండ కాదు, వానకాలపు తేమ.

మందమొక్కటియే చాలదు. గాజు ఉన్నిలోని సందుల గుండా ఆవిరి చల్లని రేకును చేరి నీరగును. నిశ్చలమైన గాలికంటె నీరు ఇరువది రెట్లకు పైగా ఉష్ణవాహకము. తడిసిన ఉన్ని తన పని చేయలేదు. పైగా బూజు పట్టును. ఆసుపత్రులలో ఇది రోగులకు హాని. అందుచే ఆవిరిని అడ్డగించు అల్యూమినియము పొర తొడుగునకు వెలుపల, అనగా వెచ్చని వైపున ఉండవలెను. అతుకుల వద్దను, గొట్టమును వ్రేలాడదీయు కమ్మీల వద్దను చీలికలు లేకుండ టేపుతో మూయవలెను. శీతల దేశములలో ఇంటి గోడలకు ఈ పొరను లోపలి వైపున వేయుదురు. అచ్చట వెచ్చని వైపు అదియే.

తుషార స్థానమును పాఠశాలలోనే కొలువవచ్చును. మెరయు స్టీలు గ్లాసులో నీరు పోసి, ఉష్ణమాపకము నుంచి, మంచు ముక్కలను కొద్దికొద్దిగా వేయుచు కలుపవలెను. గ్లాసు పైభాగము మసకబారిన క్షణమున ఉష్ణమాపకము చూపు అంకెయే ఇంచుమించు ఆనాటి తుషార స్థానము. ఊపిరి గ్లాసుకు తగులరాదు. ఎండకాలమున ఒకమారు, ముసురులో ఒకమారు కొలిచి రెండు అంకెలను పోల్చినచో, ఏ దినమున గొట్టములకు చెమట పట్టునో విద్యార్థులే చెప్పగలరు.