రంగు, ఆస్తి, పెళ్ళి

అమెరికాలో తెల్లవాళ్ళు ఇతర జాతులవాళ్ళను పెళ్ళాడకుండా అడ్డుకున్న చట్టాలు రంగు మీద ఏవగింపు నుంచి పుట్టాయని అనుకోవడం తేలిక. ఆ ఏవగింపు నిజమే. కాని ఏవగింపు ఒక్కటే ఏ చట్టాన్నీ మూడు శతాబ్దాలు నిలబెట్టలేదు.

వర్జీనియా వలస శాసనసభ 1662లో ఒక చట్టం చేసింది. బిడ్డ బానిసా, స్వతంత్రుడా అన్నది తల్లి స్థితిని బట్టి ఉంటుందని దాని సారాంశం. ఇంగ్లండులో బిడ్డ స్థితి తండ్రిని బట్టి వచ్చేది. ఇక్కడ దాన్ని తలకిందులు చేశారు. తోట యజమాని తన బానిస స్త్రీని చెరిస్తే పుట్టిన బిడ్డ అతని వారసుడు కాడు, అతని ఆస్తిలో చేరిన మరో బానిస. అదే శాసనసభ 1691లో, నల్లవాళ్ళనూ మిశ్రమ సంతతివాళ్ళనూ ఆదివాసులనూ పెళ్ళాడిన తెల్లవాళ్ళను వలస నుంచి వెళ్ళగొట్టాలని శాసించింది. ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. అక్రమ సంబంధాలకు కాగితం మీద జరిమానాలు లేకపోలేదు. అయినా యజమాని పడకగదిలోకి ఏ షరీఫూ తొంగిచూడలేదు. చట్టానికి అసలు భయం పెళ్ళంటేనే. పెళ్ళయితే ఆమె భార్య అవుతుంది, బిడ్డకు వాటా వస్తుంది. తర్వాతి కాలంలో ఈ చట్టాల కింద కోర్టుకెక్కిన చాలా వ్యాజ్యాల్లో తగవు చనిపోయిన భర్త ఆస్తి గురించే. ఆమెలో నల్లరక్తం ఉందని రుజువు చేసి, పెళ్ళే చెల్లదనిపించి, బంధువులు వితంతువును వీధిలోకి నెట్టేవారు.

అంతర్యుద్ధం తర్వాత 1868లో పద్నాలుగో సవరణ వచ్చింది. చట్టం అందరికీ సమాన రక్షణ ఇవ్వాలంది. ఆ సమానత్వాన్ని సుప్రీంకోర్టు ఎలా చదివిందో 1883 నాటి పేస్ కేసులో చూడవచ్చు. అలబామాలో ఒక నల్లజాతి పురుషునికీ తెల్లజాతి స్త్రీకీ, ఒకే జాతివాళ్ళయితే పడే శిక్షకంటే ఎక్కువ శిక్ష వేశారు. ఇద్దరికీ సమానంగానే వేశారు గదా, ఇక వివక్ష ఎక్కడిదంది కోర్టు. ఈ తర్కం ఎనభై ఏళ్ళు బతికింది.

మొదటి పెద్ద దెబ్బ 1948లో కాలిఫోర్నియాలో పడింది. మెక్సికన్ సంతతికి చెందిన ఆండ్రియా పెరెజ్ చట్టం లెక్కలో తెల్లది, సిల్వెస్టర్ డేవిస్ నల్లవాడు. అక్కడి సుప్రీంకోర్టు నలుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా చీలి నిషేధాన్ని కొట్టేసింది. (ఇదే రాష్ట్రంలో మన పంజాబీ వ్యవసాయ కూలీలు మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడాలంటే, గుమస్తా ఇద్దరి రంగూ చూసి సరిపోయిందనుకుంటేనే లైసెన్సు రాసిచ్చేవాడు!) 1955లో ఒక చైనా నావికుడి వివాహాన్ని వర్జీనియా కోర్టు రద్దు చేస్తే, కేసు సుప్రీంకోర్టుకు చేరింది. బడుల్లో వేర్పాటు చెల్లదని ఏడాది కిందటే తీర్పిచ్చిన ఆ కోర్టు, ఈసారి దక్షిణాది ఆగ్రహానికి జంకి పక్కకు తప్పుకుంది.

రిచర్డ్ లవింగ్ తెల్లజాతి తాపీ మేస్త్రీ. మిల్డ్రెడ్ జెటర్‌ది నల్లజాతి, ఆదివాసి సంతతి. ఇద్దరిదీ వర్జీనియాలో సెంట్రల్ పాయింట్ అనే పల్లె. 1958 జూన్‌లో వాషింగ్టన్ వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చారు. జులైలో ఒక అర్ధరాత్రి షరీఫు వాళ్ళ పడకగదిలోకి వచ్చాడు. గోడకున్న పెళ్ళిపత్రం చూపిస్తే ఇక్కడ చెల్లదన్నాడు. ఈ పడకగదిలోకి రావడానికి మాత్రం చట్టానికి మొహమాటం లేకపోయింది. ఏడాది జైలు శిక్ష వేసి, ఇరవై అయిదేళ్ళపాటు ఇద్దరూ కలిసి రాష్ట్రంలో అడుగుపెట్టకపోతే దాన్ని అమలు చేయబోమన్నారు. 1963లో మిల్డ్రెడ్ అటార్నీ జనరల్ రాబర్ట్ కెన్నెడీకి ఉత్తరం రాస్తే, పౌరహక్కుల న్యాయవాదుల దగ్గరికి వెళ్ళమని జవాబొచ్చింది. 1965లో జడ్జి బెజీల్ శిక్షను తిరగదోడనన్నాడు. దేవుడు జాతుల్ని వేర్వేరు ఖండాల్లో ఉంచాడు గనుక అవి కలవడం ఆయన అభిమతం కాదట. ఆఫ్రికా నుంచి మనుషుల్ని గొలుసులతో కట్టి ఓడల్లో ఈ ఖండానికి తెచ్చింది ఎవరి అభిమతమో జడ్జి రాయలేదు.

వర్జీనియా 1924 చట్టంలో ఒక విచిత్రమైన మినహాయింపు ఉంది. ఇతర రక్తం చుక్కయినా లేనివాడే తెల్లవాడు; అయితే ఆదివాసి రక్తం పదహారో వంతుకు మించకపోతే ఫరవాలేదు. ఎందుకంటే అక్కడి పెద్ద కుటుంబాలు కొన్ని ఆదివాసి యువతి పొకహాంటాస్ వంశం తమదని గొప్పగా చెప్పుకునేవి! జాతి శుద్ధి కూడా హోదాను చూసి సర్దుకుంటుందన్నమాట.

1967 జూన్ 12న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఈ చట్టం అడ్డుకునేది తెల్లవాళ్ళు ఇతరులను పెళ్ళాడడాన్ని మాత్రమే, మిగతా జాతులవాళ్ళు ఒకరినొకరు చేసుకుంటే దానికి పట్టదు. కాబట్టి దీని లక్ష్యం తెల్లజాతి ఆధిక్యాన్ని కాపాడడమేనని ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ రాశాడు. నిషేధం ఇంకా అమల్లో ఉన్న పదహారు రాష్ట్రాల చట్టాలు ఆ రోజుతో చెల్లకుండా పోయాయి.

కాని పుస్తకాల్లోంచి పోలేదు. దక్షిణ కరొలైనా తన రాజ్యాంగంలోని ఆ నిషేధ వాక్యాన్ని 1998లో గాని తీసేయలేదు. అలబామా 2000లో ప్రజాభిప్రాయానికి పెట్టింది. వాక్యం పోయింది, ఓటేసినవాళ్ళలో నూటికి దాదాపు నలభై మంది దాన్ని ఉంచమనే వేశారు.