ముగింపు మనకు తెలుసు, ఆయనకు తెలియదు

డెహ్రాడూన్‌లో వాయుసేన ఎంపికకు 25 మంది వెళ్ళారు. తీసుకునేది ఎనిమిది మందినే. రామేశ్వరం కుర్రాడొకడికి తొమ్మిదో స్థానం వచ్చింది. ఆ కుర్రాడు అబ్దుల్ కలాం. తర్వాత ఆయన ఏమయ్యారో మన పిల్లలందరికీ తెలుసు. అయినా ఆయన ఆత్మకథలో ఆ పేజీ దగ్గరికి వచ్చేసరికి మనసు చివుక్కుమంటుంది. ఎందుకంటే తాను రాష్ట్రపతి అవుతానని ఆ రోజు ఆ కుర్రాడికి తెలియదు. పైలట్ కావాలన్న కల ఒక్క స్థానం తేడాతో చేజారిందని మాత్రమే తెలుసు.

జీవితచరిత్రలు చదవడంలోని ఆనందం చాలావరకు ఇక్కడే ఉంది. ముగింపు మనకు ముందే తెలుసు, కథలోని మనిషికి తెలియదు. ‘ఇప్పుడేం చేస్తాడు?’ అనుకుంటూ పేజీ తిప్పుతాం.

పిల్లలకు సాధారణంగా మనం ఇచ్చేది ఈ ఆనందం తీసేసిన సారాంశం. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, సాధించిన ఘనత, వచ్చిన బిరుదులు. వక్తృత్వ పోటీకి అది సరిపోతుంది. కానీ అది చదివిన పిల్లలు ఇంకో పుస్తకం కావాలని అడగరు.

పూర్తి పుస్తకంలో ఏముంటుందో చూడండి. 1979 ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్‌ను ప్రయోగించారు. ఆ ప్రాజెక్టుకు నాయకుడు కలాం. రెండో దశలో రాకెట్ అదుపు తప్పింది. 317 సెకన్లలో అంతా ముగిసి, బంగాళాఖాతంలో పడిపోయింది. ఏళ్ళ తరబడి పడిన శ్రమ అది. మరుసటి ఏడాది జులై 18న ప్రయోగం విజయవంతమైందని ఏ జనరల్ నాలెడ్జ్ పుస్తకమైనా చెబుతుంది. ఓడిన రోజున కలాం అలసిపోయి పడుకుంటే, పై అధికారి డాక్టర్ బ్రహ్మప్రకాశ్ వచ్చి, మంచం పక్కన కూర్చుని, భోజనానికి వెళ్దామా అని అడిగిన సంగతి మాత్రం ఆత్మకథే చెబుతుంది. పరీక్ష పోయిన పిల్లాడితో ముందు ఏం మాట్లాడాలో తెలియక తికమకపడే తల్లిదండ్రులకు ఆ ఒక్క పేజీ చాలు.

గాంధీజీ ఆత్మకథ అనగానే లావుపాటి పుస్తకమని భయపడతాం. నిజానికి అది పత్రికలో వారం వారం వచ్చిన రచన. అందుకే అధ్యాయాలు చిన్నవి, చాలావరకు రెండు మూడు పేజీలే. రాత్రి పడుకునే ముందు ఒకటి చదివి వినిపించడానికి వీలుగా ఉంటాయి. రాజ్‌కోట్ బడికి తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు ‘కెటిల్’ అనే మాటకు స్పెల్లింగ్ రాయమన్న సంఘటన పిల్లలకు తప్పక నచ్చుతుంది. పక్కవాడి పలక చూసి రాయమని టీచరు బూటు కాలితో సైగ చేసినా ఆ పిల్లవాడికి అర్థం కాలేదు. తనిఖీ అంటే టీచర్లకు ఆ రోజుల్లోనూ కంగారే అన్నమాట!

ఆత్మకథలో రాసే మనిషి తనకు తోచినవే చెబుతాడు. అందుకే ఎనిమిదో తరగతి దాటిన పిల్లలకు అదే మనిషి మీద మరొకరు రాసిన పుస్తకం కూడా ఇవ్వండి. గాంధీజీ మీద లూయీ ఫిషర్ రాసినది అలాంటిదే. రెండూ చదివితే ఒకే సంగతి రెండు రకాలుగా కనిపిస్తుంది. చరిత్ర పాఠం అసలు మొదలయ్యేది అక్కడే.

ఒక్క విన్నపం. చదివిన పుస్తకాన్ని మర్నాడే కర్రలా వాడకండి. “వీధి దీపం కింద చదువుకుని అంతవాడయ్యాడు, నీకు ఏసీ గది ఉండి ఏం లాభం?” అని ఒక్కసారి అన్నామంటే, ఆ మహానుభావుడు ఇంట్లో ఇంకో ట్యూషన్ మాస్టారు అయిపోతాడు. ‘ఇందులో నీతి ఏమిటి?’ అనీ అడగకండి. మీకు నచ్చిన చోటు మీరు చెప్పండి, వాళ్ళకు నచ్చింది వాళ్ళే చెబుతారు.

తెలుగువాళ్ళలో ఎవరితో మొదలుపెట్టాలంటే మా ఓటు యల్లాప్రగడ సుబ్బారావుకు. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. క్యాన్సర్‌కు, కీళ్ళవాతానికి డాక్టర్లు నేటికీ రాసే మెథోట్రెక్సేట్ ఆయన బృందం కృషి వల్ల వచ్చిందే. అమెరికా వెళ్ళిన ఆయన మళ్ళీ స్వదేశానికి రాలేదు. ఇక్కడ పుట్టిన కొడుకును ఒక్కసారైనా చూడలేదు, ఆ బిడ్డ పసితనంలోనే చనిపోయాడు. 1948లో ఆయన అక్కడే కన్నుమూశారు.

ఇంతవరకు విన్నాక మీ అమ్మాయి మందుల సంగతి వదిలేసి, “మరి వాళ్ళ ఆవిడ ఇక్కడ ఒక్కతే ఏం చేసింది?” అని అడగవచ్చు. తొందరపడి జవాబు చెప్పకండి. ఇద్దరూ కలిసి పుస్తకంలో వెతకండి.