మీ నెత్తురు వయసెంత?

పిల్లలూ! మీ వయసెంత అని ఎవరైనా అడిగితే పదేళ్ళనో, పన్నెండేళ్ళనో తడుముకోకుండా చెబుతారు. మరి మీ నెత్తురు వయసెంత? "మాకెంతో దానికీ అంతే గదా!" అంటారేమో. కాదు. మీ ఒంట్లోవే కాదు, మీ తాతగారి ఒంట్లోని ఎర్రకణాలు సైతం ఇంచుమించు నాలుగు నెలలలోపు పుట్టినవే!

నెత్తురుకు ఎరుపునిచ్చేవి ఈ కణాలే. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్క మిల్లీమీటరు ఉండే బొట్టులో ఇవి సుమారు 50 లక్షలుంటాయి. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును ఎత్తుకొని ఒళ్ళంతా పంచిపెట్టడం వీటి పని. అలా 120 రోజులు తిరిగి తిరిగి, చివరకు ప్లీహంలోనూ కాలేయంలోనూ విచ్ఛిన్నమైపోతాయి. బతుకమ్మ పండుగనాడు పుట్టిన కణం శివరాత్రిదాకా ఉండదన్నమాట.

మరి కొత్తవి ఎక్కడ పుడతాయి? గుండెలో అనుకుంటే పొరపాటు. ఎముకలలో! రాయివలె గట్టిగా కనిపించే ఎముకలలోపల మెత్తని మూలుగ ఉన్నది. పెద్దవాళ్ళలో అది సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలను తయారుచేస్తుంది. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి మన జనగామ జిల్లా ప్రాంతంలో ఉన్న జనం ఐదు లక్షల పైచిలుకు. మీరు "ఒకటి" అనేలోపల అంతకు మూడింతలకు మించి కణాలు పుడుతున్నాయి! ఈ కార్ఖానా ఎంత పొదుపరి అంటే, పాత ఇత్తడిని కరిగించి కొత్త గంట పోతపోసినట్టు, చచ్చిన కణాలలోని ఇనుమును మళ్ళీ కొత్తవాటికి వాడుకుంటుంది.

అయినా కార్ఖానాకు కొంత సరుకు బయటినుంచి రావాలి. అందులో ముఖ్యమైనవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం. అవి చాలకపోతే రక్తహీనత వస్తుంది.

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజులలో ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. ప్రార్థనలో నిలబడలేక చతికిలబడేది. మెట్లెక్కితే రొప్పేది. పాఠం మధ్యలో కునికిపాట్లు పడేది. "సోమరిపోతు" అని అందరిముందూ మందలించాను. ఒకనాడు డాక్టరుగారు పరీక్షించి, 12 గ్రాములైనా ఉండవలసిన హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉన్నదని చెప్పారు. ఆ పిల్ల సోమరి కాదు. ప్రాణవాయువును మోసే కూలీలు ఆమె ఒంట్లో చాలలేదు, అంతే. తెలియక నిందించినవాణ్ణి నేను!

బడిలో వారం వారం ఇచ్చే మాత్రను ఆమె గోడ అవతలికి విసిరేస్తున్నదని కూడా అప్పుడే బయటపడింది. ఎందుకమ్మా అంటే, "కడుపులో తిప్పుతుంది సార్, దొడ్డికి నల్లగా అవుతుంది, భయమయింది" అన్నది. ఇనుము మింగితే అలా కావడం మామూలే, భయం లేదు. అన్నం తిన్నాక వేసుకుంటే తిప్పడం తగ్గుతుంది. ఈ రెండు మాటలు ముందే చెప్పి ఉంటే ఆమె మాత్ర పారవేసేదా? డాక్టరుగారు చెప్పిన ప్రకారం మందు వాడి నాలుగు నెలలకు కోలుకున్నది. ఆ ఏడు ఖోఖో ఆటలో ఆమెను అందుకోవడం ఎవరితరమూ కాలేదు.

ఆ మాత్రలో ఒక తెలుగువాని కృషి కూడా ఉన్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టారు. యువకుడుగా ఉండగానే ఆయన సోదరులిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో తిన్నది ఒంటబట్టదు, నెత్తురు తగ్గిపోతుంది. ఆయన 1923లో అమెరికా వెళ్ళి పరిశోధనలకే జీవితాన్ని అంకితం చేశారు. ఆయన నాయకత్వంలోని శాస్త్రజ్ఞులు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. 1948లో ఆయన కన్నుమూశారు.

ఫోలిక్ అనే పేరుకు లాటిన్ భాషలో ఆకు అని అర్థం వచ్చే మాట మూలం. 1941లో దానిని పాలకూరనుంచి వేరుచేసినందువల్ల ఆ పేరు వచ్చింది. కనుక తల్లులారా, పాలకూర, తోటకూర, పెసలు, శనగలు పిల్లలకు తరచు పెట్టండి. పైన ఇంత నిమ్మరసం పిండితే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతోపాటు టీ మాత్రం ఇవ్వకండి.

పిల్లలూ! ఈసారి బడిలో నీలం మాత్ర చేతికి వచ్చినప్పుడు మీ ఎముకలలోని కార్ఖానాను తలుచుకోండి. అది రాత్రీ పగలూ సెలవు లేకుండా పనిచేస్తున్నది. దాని సరుకును మీరు గోడ అవతలికి విసరకండి!