పండుగప్ప ఒడ్డుకు వచ్చే వేళ

శీతల దేశాలలో గాలం వేసేవారికి ట్రౌట్ చేప మీద మక్కువ ఎక్కువ. వేసవిలో సరస్సు పైనీరు వేడెక్కగానే అది లోతుకు దిగిపోతుంది. శరదృతువులో నీరు చల్లబడగానే ఒడ్డు దాపునకు వచ్చి ఆహారం వెదుక్కుంటుంది. అందుచేతనే ఆ నెలలలో పడవ లేకుండానే, గట్టు మీది నుంచీ రేవు మీది నుంచీ దానిని పట్టగలుగుతారు.

ఇందుకు ఒక కారణం నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు. వాయువులు వేడినీటిలో కంటె చన్నీటిలో ఎక్కువగా కరుగుతాయి. 10 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద లీటరు మంచినీటిలో సుమారు 11.3 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇముడుతుంది. 30 డిగ్రీల వద్ద సుమారు 7.5 మాత్రమే. ఉప్పునీటిలో ఇంకా తక్కువ.

బంటింగ్‌లో చలికాలమే లేదు. మరి లంగాట్ నది ఒడ్డున, మొరిబ్ తీరాన గాలం వేసేవారు దేనికోసం వేచి ఉండాలి? సముద్రపు పోటు కోసం. ఇక్కడి ట్రౌట్ పండుగప్ప. మలయ్ భాషలో దీనిని సియాకప్ అంటారు. గోదావరి, కృష్ణా తీరాల వారికి ఇది చిరపరిచితమే.

ఇక్కడ రోజుకు రెండు పోటులు, రెండు పాటులు. పోటు ప్రతిదినమూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్యకూ పౌర్ణమికీ దాని ఉరవడి హెచ్చు. పోటునీటితో రొయ్యలూ చిరుచేపలూ మడచెట్ల మొదళ్లలోకి చేరుతాయి. వాటి వెంటనే పండుగప్ప వస్తుంది. ప్రవాహానికి ఎదురీది అలసిపోక, రేవు స్తంభాల చాటున పొంచి ఉంటుంది. కనుక గాలాన్ని నడినీటిలోకి విసరడం కంటె, బ్రతికిన రొయ్యను ఎరగా గుచ్చి స్తంభాల పక్కగా ప్రవాహంతోపాటు జారవిడవడం మేలు. దీని మొప్పల మూత అంచు కత్తివలె పదునైనది. గాలం దగ్గరి తాడు మందంగా ఉండాలి.

పాటు వేళ బయటపడే బురదనేల మీద దూరం నడవరాదు. 1945 సెప్టెంబరు 9న మిత్రరాజ్యాల సైన్యం మొరిబ్ వద్ద దిగినప్పుడు ఎన్నో వాహనాలు ఆ మెత్తని నేలలో కూరుకుపోయాయి. తిరిగివచ్చే పోటు మనిషి కోసం ఆగదు.

మరొక విశేషం. పండుగప్ప సాధారణంగా మగచేపగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడచేపగా మారుతుంది. అంటే మిక్కిలి పెద్దవన్నీ దాదాపు గుడ్లుపెట్టే తల్లులే. అందుకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తూర్పు తీరాన 58 సెంటీమీటర్లకు చిన్నవాటినే కాక, 120 సెంటీమీటర్లకు పెద్దవాటిని కూడా ఉంచుకోరాదని నియమం పెట్టారు. పెద్దచేప పడితే త్వరగా లాగి, వీలైతే నీటిలోనే గాలం తీసి వదలాలి. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువ గనుక, ఎక్కువసేపు పెనుగులాడిన చేప వదిలినా బ్రతకకపోవచ్చు. మధ్యరకపు చేప ఒకటి దొరికితే ఇంటిల్లిపాదికీ పులుసుకు చాలును. తల్లిచేప నీటిలో మిగిలితే మన పిల్లల గాలాలకూ చేపలుంటాయి.